చీపురు ఊడ్చిన చక్కెర

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 11

అత్తా,

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే "తిన్నావా, ఒంట్లో బాగుందా" అని రెండు ముక్కలు అడిగి "సరే, ఉంటానమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే నాలుగు పేజీలు రాస్తావు. నాకు నాలుగు పేజీల అత్త కావాలి.

ముందు శుభవార్త. పట్టు సడలింది!

ఏం పట్టు అంటావా? నువ్వు రోజూ మైక్రోస్కోపులో చూసే మలేరియా క్రిమి ఎర్ర కణంలోకి ఊరికే దూరదు. దాని ఒంటి మీద ఒక ప్రోటీన్ ఉంటుంది, మన కణం మీద ఇంకో ప్రోటీన్. గడ్డిలో నడిచొస్తే బట్టకు ముళ్ళగింజలు అంటుకుంటాయి చూడు, అలా మొదటిది రెండోదాన్ని పట్టుకుంటుంది. పట్టు దొరికాకే లోపలికి ప్రవేశం. ఆ పట్టును కంప్యూటర్‌లో కట్టి చూడటం నా పని. రెండు ప్రోటీన్లలోని ఒక్కో పరమాణువునూ దాని చోట్లో నిలబెట్టి, చుట్టూ నీళ్ళు నింపి, వదిలేస్తాం. ఇక వాటి తోపులాట అవే చూసుకుంటాయి. యంత్రాలు నాలుగు రోజులు ఆగకుండా లెక్కవేస్తే లోపల గడిచే కాలం సెకనులో పదిలక్షో వంతు కూడా ఉండదు. నవ్వకు.

ఇప్పుడు ఆ గుంపులోకి ఒక చిన్న మందు అణువును వదిలాం. అది మన కణం వైపు ప్రోటీన్‌లో ఒక గుంట వెతుక్కుని అందులో దర్జాగా కూర్చుంది. క్రిమికి పట్టు దొరకలేదు. నలభైసార్లు నడిపితే నలభైసార్లూ అంతే. మా పెద్దాయన, అదే మా బృందానికి పెద్ద, చల్లారిన టీ తప్ప తాగని మనిషి, తెర ముందు నిలబడి "బాగుంది" అన్నారు. ఆయన మెచ్చుకోవడమంటే గోడ నవ్వినట్టే.

ఇక్కడ నా గడువు జూన్ ఆఖరుతో సరి. ఈ ఫలితం నిలబడితే ఇంకో మూడేళ్ళు ఉంచుకుంటామన్నారు. వేరే ఊళ్ళో ఒక ప్రయోగశాల వాళ్ళు జూన్‌లో ఈ అణువును నిజంగా తయారుచేసి, నిజం రక్తంలో ఏడాదిపాటు పరీక్షిస్తారట. మే నెలలో జరిగే పెద్ద సదస్సులో నేనే మాట్లాడాలి. "ఈ పనిలోకి ఎలా వచ్చావో ఒక కథ చెప్పి మొదలుపెట్టు" అన్నారు పెద్దాయన.

నా దగ్గరున్నది ఒకటే కథ. ఆరేళ్ళప్పుడు నాకు జ్వరం. అత్త రక్తం తీసి చూస్తే మొదటిసారి ఏమీ లేదు. అయినా అత్త వదల్లేదు, మూడో రోజు మళ్ళీ తీసింది, దొరికింది, నేను బతికాను. ఇంట్లో వందసార్లు విన్నాను కానీ నీ నోట ఒక్కసారీ వినలేదు. మొదటి స్లయిడులో లేకపోయినా మళ్ళీ చూడాలని నీకెందుకు అనిపించింది? కథకు ప్రాణం అదే. వివరంగా రాయి.

నీ పిచ్చుక


ఆసుపత్రి వెనక గది, కుళాయి పక్కన
ఫిబ్రవరి 19

పిచ్చుకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి సూదమ్మ కోసం. వేళ్ళు గుచ్చి రక్తం తీసే మా నర్సమ్మను పిల్లలందరూ అలాగే పిలుస్తారు, నీకు గుర్తుండే ఉంటుంది. అంతా విని, "అయితే మీ కోడలు పిల్ల మనిద్దరి కడుపు మీద కొడుతుందన్నమాట" అంది. "జ్వరాలే పోతే మన కడుపులు దేవుడే చూసుకుంటాడు" అన్నాను. "మీ దేవుడికి జీతాల సంగతి తెలుసా?" అంది. దాని నోరు మారలేదు.

నీ గడువు పొడిగించాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను. నేను హైస్కూలు దాటిన మనిషిని కాను. నువ్వు రాసినదాంట్లో సగం అర్థమైంది, ఆ సగానికే సంతోషం పట్టలేకపోతున్నాను.

ఇక్కడ కొత్తగా ఏముంది? మైక్రోస్కోపుకు దీపం మార్చారు. వెలుగు తెల్లగా ఉంది, కళ్ళు పొద్దుటి పూట బాగానే పనిచేస్తున్నాయి, మధ్యాహ్నానికి మొరాయిస్తాయి. నిన్న పదకొండు స్లయిడులు వచ్చాయి, రెండింటిలో ఉంది. మొదటి స్లయిడు పెట్టే ముందు ఇప్పటికీ కళ్ళు మూసుకుని నా మాట నేను చెప్పుకుంటాను. చిన్నప్పుడు నువ్వు పక్కన బల్లెక్కి కూర్చుని నాతోపాటు చెప్పేదానివి. "దేవుడా, ఉన్నది కనబడనివ్వు, లేనిది కనబడనివ్వకు."

ఆ పాత సంగతి ఇప్పుడెందుకులే. నీ పని గురించే ఇంకా రాయి. అన్ని పరమాణువులు ఎక్కడున్నాయో మీకెలా తెలుస్తుంది? అన్నిటికంటే ముందు ఏం చేస్తారు? నా పనిలో మొదటి మెట్టు జారితే ఆ తర్వాత ఎంత కళ్ళు చించుకున్నా లాభం లేదు. అందుకని అడుగుతున్నాను.

ఆశీస్సులతో
అత్త


మూడో అంతస్తు
మార్చి 1

అత్తా,

నాలుగు పేజీలు అడిగితే ఒకటిన్నర పంపావు. అందులో నా ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యం, అదీ "ఎందుకులే" అని. సరే, బాకీ ఉంచుతున్నాను.

నీ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్తాను, ఎందుకంటే అది నా గొప్ప. ప్రోటీన్ల ఆకారాలు కొలిచినవాళ్ళు ఆ కొలతలను ప్రపంచమంతా వాడుకునేలా ఒకచోట పెడతారు. అక్కడినుంచి తెచ్చుకుంటాం. తెచ్చుకున్నది మురికిగా ఉంటుంది. కొలిచేటప్పుడు చేరిన ఉప్పులు, నీటి చుక్కలు, అదీ ఇదీ. వాటినన్నిటినీ తీసేస్తే గాని లెక్క సాగదు. నేను చేరిన మొదటి వారంలోనే ఆ శుభ్రం చేసే పనికి ఒక ప్రోగ్రాం రాశాను. ప్రోటీన్ కానిదేదైనా సరే, ఒక్క ఊపుతో బయటికి. దానికి 'చీపురు' అని పేరు పెట్టారు. ఇప్పుడు గదిలో ఐదుగురూ అదే వాడతారు. లెక్క ఎవరిదైనా తేడాగా వస్తే, మునుపు బళ్ళో లెక్కలు చెప్పి ఇటు వచ్చినాయన ఒకరున్నారు, మేం మాస్టారనే అంటాం, ఆయన తలెత్తకుండా "ముందు చీపురు వేశావా?" అంటారు.

నీ కోడల్ని కదా. శుభ్రం నాకు వంశంలో వచ్చింది. నీ స్లయిడులు అద్దాల్లా ఉంటాయని తనిఖీ ఆఫీసరు మెచ్చుకున్నాడని నాన్న ఇప్పటికీ చెప్తాడు.

ఇక కథ. నాన్ననడిగితే "మా చెల్లెలికి దేవుడు చెప్పుంటాడు, అందుకే మళ్ళీ చూసింది" అన్నాడు. సదస్సులో అలా చెప్తే నన్ను దింపేస్తారు. నీకేం కనిపించి మళ్ళీ చూశావో రాయి. నీ ఫోటో కూడా తెర మీద వేద్దామనుకుంటున్నాను, మైక్రోస్కోపు ముందు కూర్చున్నది.

పిచ్చుక


ఆసుపత్రి వెనక గది
మార్చి 10

పిచ్చుకా,

నీ చీపురు సంగతి చదివి నవ్వుకున్నాను. ఊడ్చినదాన్ని పారబోసే ముందు ఒకసారి చూస్తావా? ఊరికే అడిగాను. ఇల్లు ఊడ్చేటప్పుడు చేటలోది చూడకుండా పారబోసి చెవి పోగు పోగొట్టుకున్నదాన్ని.

ఒక మాట అడుగుతాను, కాదనకు. ఆ కథ వేదిక మీద చెప్పొద్దు. ఫోటో కూడా వద్దు. నీ పని గొప్పది, దానికి నా ముందుమాట అక్కర్లేదు.

కొత్త దీపానికి కళ్ళు అలవాటుపడ్డాయి.

అత్త


మూడో అంతస్తు
మార్చి 18

అత్తా,

నాకు బాధేసింది. ఇది సిగ్గు అనుకుందామంటే, సిగ్గుపడే మనిషి "వద్దులే" అని నవ్వుతుంది, ఇలా రాయదు.

ఇంకో సంగతి కూడా అడిగేస్తాను. అమ్మ ఏటా నీకు దిండు గలీబు కుట్టి పంపుతుంది, నాకు జ్వరం తగ్గి ఇంటికొచ్చిన తారీఖుకు అందేలా. మూలల్లో పువ్వులు, మధ్యలో పిట్ట. కళ్ళు లాగుతున్నా మానదు. కిందటేడు నీ దగ్గరకు వచ్చినప్పుడు చూశాను. నీ మంచం మీద దిండుకు వెలిసిపోయిన తెల్ల గలీబు ఉంది. దుప్పటి కోసం బీరువా తీస్తే అమ్మ పంపినవన్నీ మడత విప్పకుండా ఉన్నాయి. ఇరవై నాలుగు, లెక్కపెట్టాను. అమ్మకు చెప్పలేదు.

నేనేమైనా తప్పుగా అడుగుతున్నానా? నీకు నాతో చెప్పకూడనిది ఏముంటుంది?

పిచ్చుక


ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర
మార్చి 27

పిచ్చుకా,

ఈ ఉత్తరం రాయడానికి సెలవు పెట్టాను. పొద్దుటినుంచి మూడు కాగితాలు చించాను. నువ్వు అడిగింది చెప్తాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. నీకు గురువారం జ్వరమొస్తే అన్నయ్య నిన్ను భుజం మీద వేసుకుని నా దగ్గరకే తెచ్చాడు. నీ వేలు నేనే గుచ్చాను. ఏడవకుండా "అత్తా, నా రక్తం ఎర్రగా ఉందా?" అని అడిగావు. మందంగా ఒక చుక్క పెట్టాను, ఆరబెట్టాను, రంగు వేశాను.

రంగు వేశాక స్లయిడును కడగాలి. ఆ మందపు చుక్క గాజును గట్టిగా కరుచుకుని ఉండదు. పక్కనుంచి నీళ్ళు నెమ్మదిగా జార్చాలి. మాకు పని నేర్పిన పెద్దమనిషి ఈ మాట వందసార్లు చెప్పాడు. కానీ నాకు శుభ్రం పిచ్చి. రంగు నలుసులు రెండు కనిపిస్తే సహించలేకపోయాను. కుళాయి విప్పి, ధార కింద పెట్టి, తళతళలాడేదాకా కడిగాను. చుక్క జారిపోయింది. జారిపోయిందని చూసుకోకుండా, మిగిలిన గాజు శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాను.

దాన్నే మైక్రోస్కోపు కింద పెట్టి అరగంట చూశాను. ఏమీ లేదు. ఉండదు కదా. రిజిస్టరులో నీ పేరు పక్కన "లేదు" అని రాసి, అన్నయ్యతో "మామూలు జ్వరమే, భయం లేదు" అన్నాను. నా మాట నమ్మి ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆదివారం పొద్దున నువ్వు పిలిస్తే పలకలేదు. వదిన ఏడుపు నాకింకా వినబడుతూ ఉంటుంది. అప్పుడు మళ్ళీ రక్తం తీశాను. దేవుడేమీ చెప్పలేదమ్మా. పిల్ల పలకడం లేదు, తీయక తప్పింది కాదు. కళ్ళు పెట్టగానే కనిపించాయి, ఎర్రరాయి పొదిగిన ఉంగరాల్లా, ఎక్కడ చూస్తే అక్కడ. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నావు.

అందరూ నా చేతులు పట్టుకుని ఏడ్చారు. "నువ్వు చూడబట్టి" అన్నారు. "మరి మొదటిసారి ఎందుకు కనబడలేదు?" అని అన్నయ్య అడిగాడు. "అప్పటికింకా బయటపడలేదు" అన్నాను. అది అబద్ధం. నువ్వు ఇంటికెళ్ళాక ఆ మొదటి స్లయిడు పెట్టెలోంచి తీసి చూశాను. చుక్క ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఒక అంచున మాత్రం గోటి నెలవంకంత రంగు మిగిలింది. అందులో రెండు ఉంగరాలు ఉన్నాయి. తనిఖీకి వచ్చేవాళ్ళు పాత స్లయిడులు మళ్ళీ చూస్తారు. అందుకని దాన్ని విరగ్గొట్టి చెత్తలో వేశాను.

రోజూ ప్రార్థన చేసే మనిషిని. దేవుడికి చెప్పుకున్నాను, చాలాసార్లు. ఆయనకు చెప్పుకోవడం తేలిక, ముఖం చూడక్కర్లేదు.

ఆ గలీబుల మీద తల పెట్టి నిద్రపోవడం నావల్ల కాలేదు.

ఇప్పుడు వేదిక మీద ఏం చెప్తావో నీ ఇష్టం.

అత్త


ఆసుపత్రి వెనక గది
ఏప్రిల్ 20

పిచ్చుకా,

మూడు వారాలు దాటింది. కోపం వచ్చుంటుంది. రావాల్సిందే. జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. ఒంట్లో బాగుందని ఒక ముక్క పంపు చాలు. అన్నయ్యను అడగలేక నిన్నే అడుగుతున్నాను.

అత్త


మూడో అంతస్తు
ఏప్రిల్ 29

అత్తా,

ఒంట్లో బాగుంది. కోపం వచ్చింది, రెండు రోజులు. మొదటి రోజు నాకు జరిగినదానికి. రెండో రోజు, నువ్వు ఇన్నేళ్ళు ఒక్కదానివే మోసినందుకు. మూడో రోజునుంచి నీ గురించి ఆలోచించే తీరిక లేకుండా పోయింది. ఎందుకో చెప్తాను.

నీ ఉత్తరంలో ఒక వాక్యం ముల్లులా గుచ్చుకుంది. "మిగిలిన గాజు శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాను." అంతకుముందు ఉత్తరంలో చేట సంగతి అడిగావు. నేను చేటలో ఎప్పుడూ చూడలేదత్తా. నా చీపురు ఊడ్చినదాన్ని దాచదు కూడా, చెరిపేస్తుంది. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి, తెచ్చుకున్న అసలు కొలతలను మళ్ళీ తెరిచి, చీపురు ఏమేం తీసేసిందో ఒక్కొక్కటీ చదివాను. ఉప్పు, నీళ్ళు, ఉప్పు, నీళ్ళు. వాటి మధ్యలో చక్కెర.

టీలో వేసుకునేది కాదు, దాని వంశంలోదే. మన ఎర్ర కణం మీది ప్రోటీన్ ఒట్టి ప్రోటీన్ కాదు, దానికి చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. ఈ క్రిమి పట్టుకునేది ముఖ్యంగా ఆ గొలుసులనే. ఇది నాకు తెలియనిది కాదు, పుస్తకాల్లో ఉంది, పరీక్షలో రాశాను. కానీ చీపురుకు నేను చెప్పింది "ప్రోటీన్ కానిదేదైనా" అని. చక్కెర ప్రోటీన్ కాదు. ఊడ్చేసింది.

నా మందు దర్జాగా కూర్చున్న గుంట గుర్తుందా? అది చక్కెర కూర్చునే కుర్చీ. ఇంటివాళ్ళను గెంటేసి, ఖాళీ కుర్చీలో చుట్టాన్ని కూర్చోబెట్టి, చుట్టం ఎంత బాగా ఇమిడాడో అని చప్పట్లు కొట్టాను.

చక్కెరను తిరిగి దాని చోట పెట్టి ఆరుసార్లు నడిపాను. ఆరుసార్లూ మందుకు చోటు దొరకలేదు, నీళ్ళలో అటూ ఇటూ తిరిగింది. క్రిమి పట్టు ఇసుమంత కూడా సడలలేదు.

ఎవరికీ చెప్పలేదు. సదస్సుకు ఇంకా ఇరవై ఐదు రోజులుంది. ఇప్పుడు చెప్తే ఆ మూడేళ్ళు పోయినట్టే. చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. ఆ ప్రయోగశాలవాళ్ళు ఏడాది కష్టపడతారు. వాళ్ళ గాజు గొట్టాల్లో మందు పనిచేయదు. అప్పుడు అందరూ "కంప్యూటర్‌లో జరిగింది, బయట జరగలేదు" అంటారు. మా పనిలో అది మామూలు మాట. నన్నెవరూ ఏమీ అడగరు. అప్పటికి నేను ఇక్కడ స్థిరపడిపోయి ఉంటాను.

నువ్వయితే ఏం చేస్తావని అడగను. నువ్వేం చేశావో చెప్పావు. ఇది గుచ్చడానికి అనలేదు. నిజంగా తెలుసుకోవాలని ఉంది. చెప్పకుండా ఉంటే ఎలా ఉంటుంది?

పిచ్చుక


ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర
మే 6

పిచ్చుకా,

గుచ్చుకోలేదు. అడగాల్సినదే అడిగావు.

మొదట భయమే. ఒక నెలపాటు ఎవరైనా రిజిస్టరు తీస్తే ఏ పేజీ చూస్తున్నారోనని తొంగిచూస్తావు. ఆ తర్వాత సర్దుకుంటుంది. అన్నం సయిస్తుంది, నిద్ర పడుతుంది. నీకు శిక్ష పడుతుందని భయపెట్టను, నాకేమీ పడలేదు. మంచిపేరు కూడా వచ్చింది.

కానీ నీకు ఏడేళ్ళు నిండాయి, పదేళ్ళు నిండాయి, చదువులో మొదటి స్థానం తెచ్చుకున్నావు, ఉద్యోగం వచ్చింది. ఒక్కసారి కూడా నిన్ను చూసి పూర్తిగా సంతోషించలేకపోయాను. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చి నా మెడ పట్టుకుంటే, ఇది నాకు రావాల్సింది కాదు అనిపించేది. దొంగ సొమ్ము దొరకొచ్చు పిల్లా, దొంగ సంతోషం మాత్రం చేతికి ఆనదు.

ఇంకొకటి ఉంది. మొన్న ఉత్తరంలో రాయడానికి ధైర్యం చాలలేదు. నీ జ్వరం తర్వాత ఎనిమిదేళ్ళకు మా గదిలోకి ఒక కొత్తమ్మాయి పని నేర్చుకోవడానికి వచ్చింది. కుళాయి కింద కడగకూడదని చెప్పాను. "ఎందుకు?" అంది. "అది పద్ధతి" అన్నాను. ఎందుకో చెప్తే నా సంగతి చెప్పాలి కదా. అది ఒట్టి పద్ధతే అనుకుని, పని ఎక్కువగా ఉన్న రోజున కుళాయి కిందే కడిగింది. ఒక వడ్రంగి భార్య, నిండు చూలాలు. ఆమెకు "లేదు" అని రాసి పంపారు. మనిషి బతికింది, కడుపులో బిడ్డ దక్కలేదు. కొత్తమ్మాయిని పనిలోంచి తీసేశారు. నేను తలుపు పక్కన నిలబడి చూస్తూ ఊరుకున్నాను.

నా తప్పు నేను దాచుకుంటే నా దగ్గరే ఉంటుందనుకున్నాను. అది ఉండలేదు, తన పని తాను చూసుకుంటూ పోయింది.

నీ గదిలో ఐదుగురు ఆ చీపురే వాడతారని రాశావు.

ఇంతకంటే చెప్పడానికి నేనెవరిని? నువ్వేం చేసినా నా ప్రార్థనలో నీ పేరు ఉంటుంది. అది మారదు.

అత్త


మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
జూన్ 3

అత్తా,

నీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నమే పెద్దాయన గదిలోకి వెళ్ళాను. మాస్టారు కూడా అక్కడే ఉన్నారు. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

పెద్దాయన టీ కప్పు పక్కన పెట్టారు. "చక్కెర," అన్నారు. "అవునండి." "అది ఉంటుందని నాకూ తెలుసు. మూడేళ్ళుగా ఆ బొమ్మలు నేనూ చూస్తున్నాను. ఒక్కసారైనా ఏదీ చక్కెర అని అడగలేదు." తర్వాత మాస్టారు, ఎప్పుడూ తలెత్తని మనిషి, తలెత్తి అడిగారు. "నా లెక్కలన్నీ కూడా ఆ చీపురుతోనే కదమ్మా?" "అవునండి." "ఎన్నాళ్ళయింది ఇది తెలిసి?" "నెల దాటింది." "నెల దాటిందా!" అన్నారు. కోప్పడితే బాగుండేది. ఆ నెలలో ఆయన మరో తొమ్మిదిసార్లు లెక్క నడిపారట.

వేరే ఊరివాళ్ళకు నాచేతే ఫోన్ చేయించారు. అవతల ఒకావిడ, గొంతు పెద్దది. అంతా విని, "మా సీసాలు ఇంకా తెరవలేదులే. ఏడాది తర్వాత తెలిసుంటే మీ ఊరొచ్చి మరీ తిట్టేదాన్ని" అంది. అంతే.

మూడేళ్ళ మాట పోయింది. డిసెంబరు దాకా ఉండమన్నారు, అన్నీ చక్కెరతో మళ్ళీ నడపడానికి. ఆ తర్వాత ఏమిటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ ముక్క రాసేటప్పుడు కొంచెం ఏడ్చాను, కాగితం మీద మరక అదే. టీ కాదు.

సదస్సుకు వెళ్ళాను. మాట్లాడే వంతు నాకే ఉంచారు, విషయం మార్చారు. ఏం ఊడ్చేశామో చెప్పమన్నారు. నీ ఫోటో వేయలేదు. ఒక ఖాళీ గాజు స్లయిడు బొమ్మ వేసి, "మా ఇంట్లో ఒక పెద్దావిడ దీన్ని మరీ శుభ్రంగా కడిగింది, ఆ పొరపాటు నాతో చెప్పబట్టే నా పొరపాటు నాకు దొరికింది" అన్నాను. దాని మీది రక్తం ఎవరిదో చెప్పలేదు. తర్వాత ముగ్గురు నా దగ్గరకొచ్చి వాళ్ళ చేటల్లో కూడా చూసుకోవాలన్నారు. ఒకాయన మాత్రం పుస్తకాల్లో ఉన్న సంగతిలో తప్పు ఎలా చేశావమ్మా అన్నాడు. నిజమే కదా.

అమ్మకు కూడా చెప్పాను. నిన్ను అడక్కుండా చెప్పినందుకు తిట్టు. అమ్మ కుట్టుపని ఆపి, సూది బట్టలో గుచ్చి పక్కన పెట్టింది. "మూడు రోజులు," అంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. గంట తర్వాత వచ్చి మళ్ళీ సూది తీసుకుని, "ముందే చెప్పుంటే పిట్ట లేకుండా పువ్వులతో సరిపెట్టేదాన్ని కదా, ఈ పిట్టకే నా కళ్ళు పోతున్నాయి" అంది. ఇంకాసేపటికి, "ఈ ఏటిదీ పంపుతాను. పిట్టతోనే. వాడకపోతే మాత్రం నేనే వచ్చి తొడుగుతానని చెప్పు" అంది.

చీపురును తిరగరాశాను. ఇప్పుడది దేన్నీ చెరపదు. తీసేవన్నీ ముందు తెర మీద వరసగా చూపించి, "ఇవి తీసేయనా?" అని అడిగి ఆగుతుంది. దానికి పై వరసలో నీ మాట రాసి పెట్టాను. "ఉన్నది కనబడనివ్వు, లేనిది కనబడనివ్వకు." దేవుడా అని రాయలేదు, ఆఫీసు కదా. మాస్టారు చదివి, "ఎవరిదమ్మా ఈ మాట?" అన్నారు. "మా అత్తది" అన్నాను. నాతో ఆయన మళ్ళీ మాట్లాడటం అదే మొదలు.

నీ పిచ్చుక


ఆసుపత్రి వెనక గది, కుళాయి పక్కన
జూన్ 14

పిచ్చుకా,

డిసెంబరు తర్వాత సంగతి డిసెంబరులో చూద్దాం. నా గదిలో రెండో మంచం ఉంది. నీ కంప్యూటరుకు సరిపడా బల్ల కూడా ఉంది.

మొన్న సోమవారం మా డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి, తలుపు వేసి, రెండు సంగతులూ చెప్పాను. నీది, వడ్రంగి భార్యది. ఆవిడ నాకంటే పదిహేనేళ్ళు చిన్న. విని, "పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయి?" అని అడిగింది. సామాను గదిలో పైఅరలో ఉన్నాయి. సూదమ్మ నిచ్చెన పట్టుకుంది, నేను ఎక్కి దించాను. "పాతికేళ్ళ దుమ్ము నా నెత్తినే పోయాలా?" అని తిట్టుకుంటూనే పట్టుకుంది.

ఆ గురువారం పేజీ దొరికింది. నీ పేరు, వయసు ఆరు, పక్కన నా చేతి రాత, "లేదు." సిరా గోధుమరంగుకు తిరిగింది. డాక్టరమ్మ ఎర్ర కలం ఇచ్చింది. పాత మాట కొట్టేయొద్దని, పక్కన రాయమని చెప్పింది. "కడగడంలో చుక్క పోయింది. ఈ స్లయిడు చదవదగినది కాదు" అని రాసి, రాసిన రోజు తారీఖు వేసి, సంతకం పెట్టాను. ఆవిడా పెట్టింది. వచ్చే నెలనుంచి పని నేర్చుకునేవాళ్ళకు కడిగే పాఠం నేనే చెప్పాలట, ఎందుకో కూడా చెప్పాలట. అప్పట్లో తీసేసిన అమ్మాయి ఎక్కడుందో సూదమ్మకు తెలుసు. ఆదివారం వెళ్తున్నాను. ఏమంటుందో తెలియదు. తలుపు వేసేసినా తప్పు లేదు. వడ్రంగి ఇల్లు ఆ దారిలోనే.

ఈ ఏటి గలీబు నిన్న అందింది. పిట్ట కన్ను కొంచెం పక్కకు వెళ్ళింది, వదినకు చూపు తగ్గుతోంది, కళ్ళ డాక్టరుకు చూపించమను. ఉతకకుండానే దిండుకు తొడిగాను. కొత్త బట్ట గంజితో బిరుసుగా ఉంది. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే బుగ్గ మీద పిట్ట అచ్చు పడి ఉంది. డ్యూటీకి వెళ్ళేదాకా పోలేదు. సూదమ్మ చూసి, "ఏమిటి, పిచ్చుక వాలిందా?" అంది.

వాలిందన్నాను.

అత్త